గురువారం పని అనే పేజీ

నేను ఒక పేజీని. పేజీ అనగానే మీకు కాగితం గుర్తొస్తుంది. నన్ను మడవలేరు, చించలేరు, టీ గ్లాసు కింద పెట్టలేరు. విశాఖపట్నంలో బీచ్ రోడ్డు వెనక వీధిలో, మేడ మీద ఉన్న ఒక ఆఫీసు కంప్యూటర్లో ఉంటాను. ఆ ఆఫీసువాళ్లు తమ పని సంగతులన్నీ రాసిపెట్టుకునే చోటును వికీ అంటారు. అందులో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు, ఎవరైనా వెతుక్కోవచ్చు. మొదటి రెండు పనులూ అందరూ ఉత్సాహంగా చేస్తారు.

ఆఫీసు చేపట్టిన ప్రాజెక్టు పేరు తీరవాణి. సముద్రం మీద వేటకు వెళ్లిన మరబోట్లకు వాతావరణం కబురు అందించడం దాని పని. ప్రతి బోటులో ఒక చిన్న పెట్టె బిగించారు. ఆఫీసు నుంచి కబురు పంపితే అది పెద్ద టవరు ఎక్కి, అక్కడి నుంచి బోట్లలోని పెట్టెలకు చేరుతుంది. పెట్టె మోగుతుంది, మాట వినిపిస్తుంది, సరంగు బోటును ఆ మాట ప్రకారం నడిపిస్తాడు.

టవరు పడిపోతే? ఆ ప్రశ్న అడిగింది తారకేశ్వరి అనే ఇంజనీరు. నన్ను పుట్టించింది ఆవిడే. ఉత్తరాన నీలాలపేట అనే మత్స్యకారుల ఊరు ఉంది. దాని పక్క కొండ మీద చిన్న గది, అందులో పాత వైర్‌లెస్ సెట్టు ఉన్నాయి. తారకేశ్వరి ఆ కొండ ఎక్కింది. సెట్టు చూసుకునే గరికిన నూకరాజుతో కలిసి పొద్దంతా దాని ముందు కూర్చుంది. టవరు లేకపోయినా ఆ సెట్టు నుంచి నేరుగా బోట్లతో మాట్లాడే ఏర్పాటు చేసింది. దాంట్లో ఒక మెలిక ఉంది. బోట్లలోని పెట్టెలు ఎవరు పడితే వాళ్లు మాట్లాడితే వినవు. ముందు సెట్టు మీది మీటలను ఒక వరుసలో నొక్కి గంట మోగించాలి. ఆ గంట వింటేనే పెట్టెలు చెవులు తెరుస్తాయి. గంట మోగించకుండా ఎంత అరిచినా, అరిచేవాడి గొంతు పోవడమే తప్ప సముద్రం మీద ఒక్కరికీ వినపడదు.

ఆవిడ ఆఫీసుకు తిరిగొచ్చి ఇదంతా నాలో రాసింది. ఏ మీట ముందు, ఏ మీట తరువాత, ఎంతసేపు నొక్కి పట్టాలి, ఎర్ర దీపం ఆరిపోతే ఏం చేయాలి, అన్నీ రాసింది. ముచ్చటగా రాసింది. చిన్నపిల్లాడు చదివినా అర్థమయ్యేటట్టు రాసింది. అప్పుడు పేరు పెట్టాల్సి వచ్చింది. పని గురువారం చేసింది కాబట్టి "నీలాలపేట కొండ – గురువారం పని" అని పెట్టింది. నా అడుగున "లేబుళ్లు చేర్చండి" అని ఒక ఖాళీ గడి ఉంటుంది. ఈ పేజీ దేని గురించో, ఎప్పుడు పనికొస్తుందో ఒకటి రెండు మాటల్లో చెప్పే చీటీలు అంటించడానికి ఆ గడి. డబ్బా మీద పసుపు అని, కారం అని చీటీ అంటిస్తారే, అలాంటివే. ఆవిడ వేలు ఆ గడి మీదికి వచ్చింది. అంతలో మేనేజరు శేషగిరిగారు గుమ్మంలోంచి, "ఏమ్మా తారకేశ్వరీ, అందరూ నీకోసమే చూస్తున్నారు, భోజనానికి రావా?" అన్నారు.

"వస్తున్నాను సార్. ఇది తర్వాత పెడతాలే," అని ఆవిడ లేచింది.

మనుషులు ఎంతో నమ్మకంగా వాడే మాటల్లో తర్వాత అనేది ఒకటి.

కొన్నాళ్లకు తారకేశ్వరికి టెక్కలిలో వేరే ఉద్యోగం వచ్చింది. ఆవిడ చోటికి రెహానా వచ్చింది. బాపట్ల అమ్మాయి. తక్కువ మాట్లాడుతుంది, చెప్పింది రాసుకుంటుంది. వెళ్లిపోతూ తారకేశ్వరి ఆమె చేయి పట్టుకుని, "కంగారు పడకమ్మా, అన్నీ వికీలో ఉన్నాయి," అంది. ఆ మాటలో అబద్ధం లేదు. సముద్రంలో చేపలు ఉన్నాయన్న మాటలో మాత్రం అబద్ధం ఉందా?

నా చుట్టూ ఏం ఉండేవో చెబుతాను. మీటింగు నోట్సు, కొత్త మీటింగు నోట్సు, కొత్త మీటింగు నోట్సు ఫైనల్. ఎవరో సగం రాసి వదిలేసిన పేజీలు. ఆఫీసులో పుట్టినరోజు కేకు ఎవరు తేవాలో రాసుకున్న పేజీ. కొందరు లేబుళ్లు పెట్టేవాళ్లు, కాదనను. ఒకరు "తుఫాను" అని పెడితే ఇంకొకరు "తుపాను" అని, మరొకరు "సైక్లోన్" అని పెట్టేవారు. యంత్రానికి ఆ మూడూ మూడు వేర్వేరు సంగతులు. చక్రధర్ అనే ఆయన తనకు నచ్చిన ప్రతి పేజీకీ "ముఖ్యం" అని అంటించేవాడు. కేకు పేజీకి కూడా అంటించాడు. నాకు ఏ చీటీ లేదు. ఎవరూ రాలేదు. తెరవని పేజీకి రోజు, నెల అన్న తేడా ఉండదు.

తుఫాను వచ్చిన పూట నేను కళ్లారా చూసింది కొంతే. మిగతాది రెహానా తరువాత రాసిన నివేదిక వల్ల తెలిసింది. ఆ పేజీని నా పక్కనే పెట్టింది. అందులో ఆమె ఏదీ దాచలేదు.

వాతావరణ శాఖ ముందు రోజు ఇచ్చిన కబురు ప్రకారం తుఫాను దక్షిణాన తీరం దాటాలి. అందుకే పొద్దున్నే రెహానా బోట్లన్నిటికీ ఉత్తరాన ఉన్న రేవుకు పొమ్మని కబురు పంపింది. దగ్గర్లో ఉన్నవి ఒడ్డుకు చేరాయి. దూరం పోయిన నీలాలపేట బోట్లు ఉత్తరం దారి పట్టాయి. పొద్దెక్కాక తుఫాను దారి మార్చుకుంది. ఉత్తరానికి తిరిగింది. అంటే ఆమె మాట విన్న బోట్లు నేరుగా దాని నోట్లోకి పోతున్నాయి.

"వెనక్కి తిరగండి, దక్షిణానికి రండి" అని పంపడానికి ఆమె కూర్చుంది. పంపింది. వెళ్లలేదు. మళ్లీ పంపింది. శేషగిరిగారు వచ్చి తెర చూసి, నెత్తి మీద చేయి పెట్టుకున్నారు. గాలికి టవరు ఒరిగిపోయింది.

"కొండ మీద పాత సెట్టు ఉంది కదా సార్," అంది రెహానా.

"ఉంది. దాన్ని ఎలా వాడాలో తారకేశ్వరికే తెలుసు. ఆవిడకి ఫోన్ చెయ్యి."

టెక్కలిలో అప్పటికే ఫోన్లు పోయాయి. చేసిన ప్రతిసారీ ఒకే గొంతు, మీరు డయల్ చేసిన నంబరు అందుబాటులో లేదని. కొండ మీది గదికి మాత్రం భూమిలోంచి వేసిన పాత ఫోను తీగ ఒకటి ఉంది. అది పలికింది. నూకరాజు ఎత్తాడు. వెనక గాలి హోరు.

"మేడమ్, నాను మాటాడతానే ఉన్నాను. గొంతు పోతంది. ఒక్క బోటోడూ పలకతలేడు. ఈ డబ్బాకి ఏదో గంట కొట్టాలని ఆ మేడమ్ సెప్పేరు. అప్పుడు ఆవిడే కొట్టేరు, నాను సూసేను గానీ వరస గేపకం నేదు. బేగి సెప్పండి మేడమ్!"

"రాసి ఉంది నూకరాజుగారూ, చూసి చెబుతాను. ఫోను పెట్టేయొద్దు."

రెహానా వెతకడం మొదలుపెట్టింది. ఆ వెతుకులాట నాకు ఎలా తెలిసిందో అడగకండి. ఒకరు మన ఇంటి ముందు నుంచి మన పేరు తెలియక ఊరంతా తిరుగుతుంటే, తలుపు లోపల ఉన్నవాళ్లకు అడుగుల చప్పుడు వినపడదా? ఆమె "బ్యాకప్" అని వెతికింది. నాలో ఆ మాట లేదు. తారకేశ్వరి "రెండో దారి" అని రాసింది. "అత్యవసరం" అని వెతికింది. నాలో "మెయిన్ లైన్ పోతే" అని ఉంది. "ఎమర్జెన్సీ" అంది, "స్టాండ్‌బై" అంది. ఎవరెవరి మీటింగు నోట్సో వచ్చి పడ్డాయి. "నీలాలపేట" అన్నా "కొండ" అన్నా ఆ ఊరి బోట్ల లెక్కలూ కొండ గది ఖర్చులూ పుటలకొద్దీ వచ్చాయి, వాటి అడుగున ఎక్కడో నేను. నేను కదలలేను. పిలవలేను. నాలో ఉన్న ఒక్కొక్క మాటా ఆమెకు కావలసిందే, నన్ను ఒక్కణ్ణే పిలిచే మాట ఆమె నోట్లో లేదు.

"వైర్‌లెస్" అని కొట్టింది. ఆ మాట నాలో ఒక మూల ఉంది. పైకి తేలాను. ఆఫీసు వైర్‌లెస్ ఇంటర్నెట్ పాస్‌వర్డు, వైర్‌లెస్ మౌసు పాడైతే ఎవరికి చెప్పాలి, ఇలాంటివన్నీ దాటాక, పట్టిక అడుగున నేను వచ్చాను. రెహానా చూపు కిందికి జారుతూ వచ్చింది. నా మీద పడింది. "నీలాలపేట కొండ – గురువారం పని" అని చదివింది. ఎవరో ఎప్పుడో ఒక గురువారం కొండ గదికి చేయించిన మరమ్మతుకూ ఇప్పటి ఆపదకూ ఏం సంబంధం అనుకుంది కాబోలు. దాటిపోయింది.

ఆ చూపు నన్ను దాటిపోవడం నేను ఎన్నటికీ మరచిపోను.

ఫోనులో నూకరాజు గొంతు పోయి ఆడగొంతు వచ్చింది. అతని చెల్లెలు పోలమ్మ. ఆమె మొగుడు ఎర్రయ్య, వేటకు పోయిన బోట్లలో ఒకదాని మీద ఉన్నాడు. ఆ గాలిలో కొండెక్కి వచ్చింది.

"ఓలమ్మా, కాయితంలో ఉందంతన్నారంట కదా. మరా కాయితమేదమ్మా?"

"ఉందక్కా. ఉంది," అంది రెహానా. "దొరకడం లేదు."

"ఉంటే దొరక్కపోడమేటమ్మా?"

రెహానా కళ్లలో నీళ్లు తిరుగుతుంటే మోచేత్తో తుడుచుకుని మళ్లీ కొట్టసాగింది. శేషగిరిగారు ఇంకో కంప్యూటరు ముందు కూర్చుని తానూ వెతుకుతున్నారు. చక్రధర్ వెనక నిలబడి, "ముఖ్యం అన్న లేబుల్ నొక్కి చూడండి, అసలైనవన్నీ అందులోనే పెట్టాను," అన్నాడు. రెహానా నొక్కింది. ఆఫీసులో ముఖ్యం కానిదేదీ లేదని అప్పుడు తెలిసింది. పండగ సెలవులు, కుర్చీల కొనుగోలు, పుట్టినరోజు కేకు.

"మీ కేకు పాడుగాను!" అంది రెహానా. ఆమె గొంతు పెంచగా ఆ ఆఫీసు వినడం అదే మొదలు.

అంటూనే ఆగిపోయింది. కేకు పేజీ పక్కన చిన్న అక్షరాల్లో "రాసినవారు: తారకేశ్వరి" అని ఉంది. ఆ పేరు నొక్కింది. ఆవిడ ఆ వికీలో రాసినవన్నీ వరసగా వచ్చాయి. అవీ తక్కువేం కాదు. రెహానా ఇక పేర్లు చదవలేదు. పైనుంచి ఒక్కొక్కటే తెరవడం, గబగబా ఒక చూపు చూడడం, మూసేయడం. నేను అడుగున ఉన్నాను. నా వంతు వచ్చేసరికి బయట సముద్రం రోడ్డు మీదికి లేస్తోంది.

తెరుచుకున్నాను. "మెయిన్ లైన్ పోతే, నీలాలపేట కొండ మీది సెట్టుతో బోట్లతో మాట్లాడే విధానం." రెహానా నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. తరువాత ఫోను లాక్కుని చదవడం మొదలుపెట్టింది. ఆమె చదువుతుంటే నూకరాజు నొక్కాడు. గంట మోగింది. ఆ మోత ఫోనులో ఆఫీసు దాకా వినపడింది.

"ఎనక్కి తిరగండర్రా! ఉత్తరం ఎల్లకండి! గాలి అటే ఎల్తంది, దచ్చినానికి తిప్పండి!"

ఒక బోటు పలికింది. మరొకటి పలికింది. ఆఫీసులో ఎవరో చప్పట్లు కొట్టబోయి, రెహానా ముఖం చూసి మానేశారు. ఎర్రయ్య బోటు చివరన పలికింది. అది అందరికంటే ముందు పోయింది. పొద్దుటి మాటను అందరికంటే ముందు విన్న బోటు అది.

"తిప్పుతన్నాం బావా," అన్నాడట ఎర్రయ్య. "ఇక్కడ అలలు శానా పెద్దయిగా ఉన్నాయి."

మిగతా బోట్లన్నీ చెల్లాచెదురుగా దక్షిణాన ఏదో ఒక ఒడ్డుకు చేరాయి. ఎర్రయ్య బోటు తిరుగుతుండగా విరిగింది. అందులోవాళ్లు వలకు కట్టే తేలుడు బెండ్లు పట్టుకుని తేలారు. మర్నాడు వేరే బోటువాళ్లు వాళ్లను తీశారు. వాళ్లలో ఎర్రయ్య లేడు. తరువాత కూడా దొరకలేదు.

నన్ను కాస్త ముందు తెరిచి ఉంటే అతను బతికేవాడా? ఈ ప్రశ్నను ఆఫీసులో ఎవరూ పైకి అడగలేదు. శేషగిరిగారు విధి అన్నారు. చక్రధర్ టవరు కట్టినవాళ్లను తిట్టాడు. రెహానా నివేదిక రాసింది. వెతికిన మాటలన్నీ ఒక్కటీ వదలకుండా రాసి, చివర, "పేజీ మొదటి నుంచీ ఉంది. వైర్‌లెస్ అని వెతికినప్పుడు నా కంటి ముందుకు వచ్చింది. నేను గుర్తుపట్టలేదు," అని పెట్టింది. శేషగిరిగారు ఆ ఆఖరి వాక్యం తీసేయమన్నారు.

"నీ మంచికే చెబుతున్నానమ్మా."

"ఉండనివ్వండి సార్," అంది.

ఫోన్లు బాగయ్యాక తారకేశ్వరి పిలిచింది. జరిగిందంతా వింది. ఆ తరువాత, "రాశాను కదా రెహానా. అంతా రాశాను కదా," అంది.

"రాశారండీ. చాలా బాగా రాశారు." రెహానా గొంతులో కోపం లేదు, అదే వినడానికి ఇంకా కష్టంగా ఉంది. "రాసింది దొరకాలి కదండీ."

కొన్ని వారాలకు నూకరాజు పోలమ్మను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. ఏవో సంతకాల పని. అది అయ్యాక పోలమ్మ రెహానా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఆ కాయితం సూపించమ్మా."

రెహానా నన్ను తెరిచింది. పోలమ్మకు చదువు రాదు. తెరకేసి చూస్తూ, "సదువు," అంది. రెహానా మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఎక్కువ సేపు పట్టలేదు.

"ఇంతేనా?" అంది పోలమ్మ. "ఇంత సిన్నదా?"

రెహానా ఏడుపు ఆపుకోలేకపోయింది. పోలమ్మ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపటికి రెహానా ముఖం తుడుచుకుని, "అక్కా, ఒక మాట అడగనా? ఆ పూట మీరే దీన్ని వెతకాలంటే ఏమని అడిగేవాళ్లు?" అంది.

"ఏటని అడుగుతాను? బోట్లు తిప్పాలి అంటాను. ఇంకేటుంది అప్పుడు?"

రెహానా నా అడుగున ఉన్న ఖాళీ గడి తెరిచి "బోట్లు తిప్పాలి" అని కొట్టింది. మధ్యలో ఖాళీ ఉండేసరికి యంత్రం దాన్ని రెండు ముక్కలు చేసి, "బోట్లు" ఒకటి, "తిప్పాలి" ఒకటి అంటించింది. తీరవాణిలో బోట్లు అన్న మాట లేని పేజీ ఏది? రెండూ పీకేసి, మధ్య గీత పెట్టి, "బోట్లు-తిప్పాలి" అని మళ్లీ కొట్టింది. ఒకే చీటీగా అంటుకుంది. నా ఒంటి మీద పడ్డ మొదటి చీటీ అది. దాని పక్కన "లైన్-పోతే" అని ఇంకొకటి పెట్టింది. పేరు కూడా మార్చింది.

పోలమ్మ ఆ అక్షరాలను చూసింది. "ఇప్పుడు దొరుకుతాదా?"

"దొరుకుతుందక్కా."

"సరే," అని లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఆ ఆఫీసుకు రాలేదు.

ఆ మర్నాటి నుంచి రెహానాకు అదే పని. ఒక్కొక్క పేజీ తెరిచి, ఇది ఎవరికి, ఎప్పుడు కావాలి అని ఆలోచించి చీటీ పెట్టేది. తోచకపోతే లేచి వెళ్లి ఎవరినో ఒకరిని అడిగేది. "ఇది వెతకాలంటే మీరేమని కొడతారు?" అని ఆమె అడగడం మొదలుపెడితే, ఎదుటివాళ్లు ఫోను మాట్లాడుతున్నట్టు నటించేవాళ్లు. ఎవరికి తోచిన మాట వాళ్లు పెడితే లాభం లేదని, అందరూ వాడాల్సిన మాటలు కొన్నే నిర్ణయిద్దామని మీటింగు పెట్టింది. తుఫానా, తుపానా అన్న దాని మీద పెద్దమనుషులు పొద్దు గూకేదాకా వాదించారు. చివరికి తుఫాను గెలిచింది.

"ముఖ్యం" అన్న చీటీని పీకేస్తానంటే చక్రధర్‌కు కోపం వచ్చింది.

"ముఖ్యమైనవి ముఖ్యం కాకుండా పోతాయా మేడమ్?"

"పోవండీ. ఎవరికి ముఖ్యమో, ఎప్పుడు ముఖ్యమో రాద్దాం."

"ఇంత పని ఎవరు చేస్తారు?" అన్నారు శేషగిరిగారు.

"నేను చేస్తున్నాను కదా సార్."

చేసింది. భోజనం బల్ల మీద కూడా చేసింది. సన్నబడిపోయింది. ఇంటి నుంచి అమ్మ ఫోను చేస్తే, "తర్వాత మాట్లాడతానమ్మా" అనబోయి, ఆ మొదటి మాట నోట్లోనే ఆపుకుని, "ఇప్పుడే చెప్పమ్మా," అనేది. వికీ మొదటి పుటలో ఒక పెట్టె పెట్టింది. "లైన్-పోతే" అన్న చీటీ ఉన్న పేజీలన్నీ వాటంతట అవే అందులోకి వచ్చి కూర్చునేవి. అందులో నేను పైన ఉండేవాణ్ణి. ఇంత చేసినా ఆమె ముఖంలో తేలిక కనపడలేదు. ఒక్కొక్కసారి అందరూ పనిలో ఉండగా నన్ను తెరిచి, చదవకుండా చూస్తూ ఉండేది.

మరుసటి ఏడు మళ్లీ గాలి లేచింది. రెహానా సెలవులో ఉంది. టవరు మళ్లీ మొరాయించింది. కుర్చీలో ఉన్నది చక్రధర్. "బోట్లు" అని కొట్టాడు. మాట పూర్తి కాకముందే యంత్రం "బోట్లు-తిప్పాలి" అని అందించింది. నొక్కాడు. నేను వచ్చాను. ఇంకెవరూ రాలేదు, నేనొక్కణ్ణే. నూకరాజు గంట కొట్టాడు. బోట్లు తిరిగాయి. అందరూ ఇళ్లకు చేరి అన్నాలు తిన్నారు. దాని గురించి ఎవరూ నివేదిక రాయలేదు. ఏమీ జరగని రోజు గురించి ఎవరు రాస్తారు?

తిరిగొచ్చాక రెహానాకు ఈ సంగతి చక్రధర్ చెప్పాడు. ఆమె సంతోషిస్తుందని అనుకున్నాడు. ఆమె లేచి కిటికీ దగ్గరికి వెళ్లి సముద్రం వైపు తిరిగి నిలబడింది. ఇంత తేలికా అన్నది ఆమెకు ఓదార్పు కాలేదు. ఇంత తేలికైన దానికి ఒక మనిషి పోయాడు.

కొండ మీది సెట్టు ముసలిదైపోయింది. ఈ మధ్యనే దాన్ని దించి కొత్తది పెట్టారు. కొత్త సెట్టుకు మీటల వరుస వేరు, గంట వేరు. దాని కోసం రెహానా కొత్త పేజీ రాసింది. ఆ సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చింది. నన్ను ఇక ఎవరూ పాటించకూడదు. నా వరుస ప్రకారం నొక్కితే కొత్త సెట్టు మోగదు. నేను ఉన్నచోటే ఉంటే, కంగారులో ఎవరో నన్నే తెరిచే ప్రమాదం ఉంది.

"లైన్-పోతే" తీసేసింది. "బోట్లు-తిప్పాలి" దగ్గర ఆమె వేలు ఆగింది. చాలాసేపు ఆగింది. ఆ మాట ఎవరిదో ఆమెకూ నాకూ తెలుసు. తరువాత దాన్నీ తీసి, కొత్త పేజీకి పెట్టింది. నా మీద "పాతది" అని ఒక చీటీ వేసి, వాడకం లేని పేజీలుండే చోటికి పంపించింది.

ఇక్కడ మీటింగు నోట్సు ఫైనల్స్ మధ్య ఉన్నాను. ఎవరూ రారు. సముద్రం మీద గాలి లేచిన రోజున ఆఫీసులో ఎవరో "బోట్లు-తిప్పాలి" అని కొడతారు. ఒకే ఒక్క పేజీ వస్తుంది. అది నేను కాదు. కాకూడదు.